కుర్చీ చెప్పే కథ వేరు, కొట్టు చెప్పే కథ వేరు: దుకాణాల్లోని పాత సామాను పుట్టుపూర్వోత్తరాలు

2025 ఆగస్టులో అమెరికాలోని క్రాకర్ బ్యారెల్ అనే రెస్టారెంట్ల సంస్థ తన లోగో మార్చింది. పీపా పక్కన కుర్చీలో కూర్చున్న ముసలాయన బొమ్మ తీసేసి ఉత్త పేరు మాత్రం ఉంచింది. పెద్ద రభస అయింది. ఆ నెల తిరక్కుండానే పాత బొమ్మ వెనక్కి వచ్చేసింది. ఈ గొడవలో ఇంకో గొడవ మరుగున పడింది. అంతకుముందు నుంచే ఆ సంస్థ కొన్ని శాఖల్లో గోడల మీది పాత సామాను తగ్గించి, లేత రంగులు వేసి, లోపలంతా కొత్తగా మార్చడం మొదలుపెట్టింది. జనానికి అదీ నచ్చలేదు. సెప్టెంబరులో ఆ పని కూడా ఆపేశారు.

ఇంతకీ ఆ గోడల మీద ఉండేవేమిటి? కాడి, గుర్రపు నాడాలు, లాంతర్లు, రేకు బోర్డులు, ఎవరివో తెలియని పాత ఫొటోలు. తినడానికి వచ్చినవాళ్లకు వాటితో ఏ చుట్టరికమూ లేదు. అయినా వాటిని తీసేస్తుంటే తమ ఇంట్లో సామాను ఎవరో ఎత్తుకుపోతున్నట్టు బాధపడ్డారు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, ఇలాంటి చోట్ల ఆ సామెత తిరగబడుతుంది.

పాత సామానుతో నింపిన దుకాణాలు ప్రపంచమంతా ఉన్నాయి. పుస్తకాల షాపులు, కేఫ్‌లు, క్షౌరశాలలు, టోపీలమ్మే కొట్లు. వాటిలో ప్రతి వస్తువుకూ ఒక కథ చెబుతారు. ఏది నిజం, ఏది కల్పితం, ఏది సగం సగం అన్నది తేల్చడం కష్టంగా కనిపిస్తుంది కానీ, వస్తువులు తమ గురించి తాము చాలానే చెప్పుకుంటాయి.

మనం కూడా ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. లోపలికి వెళ్లగానే ఎదురుగా నలభై సొరుగుల పెద్ద చెక్క బీరువా. సొరుగుల మీద తెల్లటి పింగాణీ పలకలు, వాటి మీద లాటిన్ పొడి అక్షరాలు. "ఇది 200 ఏళ్ల నాటి మందుల షాపు బీరువా అండీ" అంటాడు యజమాని. ఈ బీరువా దగ్గరికి చివర్లో మళ్లీ వద్దాం.

యాంటిక్, వింటేజ్, రెట్రో: చిక్కు మాటల దగ్గరే మొదలు

పాతదేదైనా యాంటిక్ అనేయడం అలవాటు. వ్యాపారంలో మాత్రం వందేళ్లు దాటినదే యాంటిక్. ఆ వంద అనే అంకె ఎవరో కళాభిమాని పెట్టింది కాదు, కస్టమ్స్ వాళ్లు పెట్టింది. పాత కళావస్తువులు దిగుమతి చేసుకుంటే సుంకం ఉండకూడదని అమెరికా అనుకుంది. అప్పుడు పాతది అంటే ఏమిటో చట్టంలో రాయాల్సి వచ్చింది. 1930 నాటి సుంకాల చట్టం ప్రకారం 1830కి ముందు చేసినవే యాంటిక్‌లు. యంత్రాల తయారీ జోరందుకోక ముందటివి అన్నది దాని వెనుక ఆలోచన. 1966లో ఆ స్థిరమైన సంవత్సరాన్ని తీసేసి 100 ఏళ్లు అని మార్చారు. దాంతో గీత ఏటేటా ముందుకు జరుగుతూ ఉంటుంది. 1926లో చేసిన బల్ల 2025లో ఉత్త పాత బల్ల, 2026లో యాంటిక్. బల్లలో మాత్రం ఏ మార్పూ లేదు.

వింటేజ్ అనే మాట ద్రాక్షసారా వ్యాపారం నుంచి వచ్చింది. ఫలానా ఏడాది పంట అని దాని అర్థం. ఇప్పుడు వందేళ్లు నిండని, కానీ తన కాలం వాసన స్పష్టంగా ఉన్న వస్తువును అలా అంటున్నారు. రెట్రో అంటే పాత పోలికలతో కొత్తగా చేసింది. పాతదాన్ని చూసి అచ్చుగుద్దినట్టు చేస్తే రిప్రొడక్షన్. అదే వస్తువును పాతదని చెప్పి అమ్మితే ఫేక్. అంటే ఈ రెండింటికీ తేడా చెక్కలో లేదు, అమ్మేవాడి నోట్లో ఉంది.

ఇంకో మాట ఉంది, మ్యారేజ్. ఒక బీరువా పై భాగం, వేరే బీరువా కింది భాగం తెచ్చి కలిపేస్తే ఆ జంటను ఈ వ్యాపారంలో అలాగే పిలుస్తారు. రెండు భాగాలూ నిజంగా పాతవే కావచ్చు. పెళ్లి మాత్రం మొన్న జరిగింది.

ఒక్క వస్తువుకు మూడు కథలు

ఏ పాత వస్తువుకైనా మూడు వేరువేరు చరిత్రలుంటాయి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా తయారైంది అన్నది ఒకటి. ఎవరు, దేనికి, ఎలా వాడారు అన్నది రెండోది. చేతులు మారుతూ ఇక్కడిదాకా ఎలా వచ్చింది అన్నది మూడోది. ఈ మూడోదాన్నే ప్రావెనెన్స్ అంటారు.

మొదటి కథ వస్తువులోనే ఉంటుంది, చదవడం తెలిస్తే చాలు. రెండోది అరుగుదలలో, గీతల్లో, మరకల్లో కొంతవరకు దొరుకుతుంది. మూడోది వస్తువులో దాదాపు ఉండదు. రసీదులు, ఫొటోలు, ఉత్తరాలు కావాలి. అవి లేకపోతే మిగిలేది నోటి మాటే. నోటి మాటకు చిలవలు పలవలు చేరడానికి ఎంతోసేపు పట్టదు. దుకాణాల్లో ఎక్కువగా వినపడేదీ, మనకు ఎక్కువగా నచ్చేదీ ఈ మూడో కథే. ఆధారం తక్కువగా ఉండేదీ అదే.

వంచిన చెక్క కుర్చీ: నమూనా వయసు, కుర్చీ వయసు

పాతకాలపు కేఫ్ అనగానే కళ్ల ముందు మెదిలే కుర్చీ ఒకటుంది. గుండ్రటి సీటు, వెనక రెండు వంపులు, ఒకదాని లోపల ఒకటి. మైకేల్ థోనెట్ అనే ఆయన 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీ అది. బీచ్ చెట్టు చెక్క కడ్డీలకు ఆవిరి పట్టి, ఇనప అచ్చుల్లో వంచి ఆరబెడతారు. మొత్తం కుర్చీకి 6 చెక్క ముక్కలు, 10 మరమేకులు, 2 నట్లు. విడదీసి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. వాటిని ఓడల్లో పంపి, చేరినచోట బిగించేవారు. 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడయ్యాయని లెక్క.

ఇప్పుడు "ఈ కుర్చీ 1859 నాటి వియన్నా కేఫ్‌లోది" అన్న మాట తీసుకుందాం. 1859 అన్నది నమూనా పుట్టిన ఏడాది. ఈ ఒక్క కుర్చీ ఆ తర్వాత ఎప్పుడైనా పుట్టి ఉండొచ్చు. పైగా థోనెట్ పేటెంట్ 1869లో ముగిసింది. వెంటనే కోన్ లాంటి పోటీ కంపెనీలు అవే కుర్చీలు చేయడం మొదలుపెట్టాయి. ఇవాళ్టికీ చేస్తున్నారు. కాబట్టి కుర్చీని తిరగేసి, సీటు చట్రం లోపలివైపు అంటించిన కాగితం చీటీయో, కాల్చి వేసిన ముద్రో ఉందేమో చూడాలి. కంపెనీలు కాలాన్నిబట్టి చీటీలు మార్చేవి గనక అది దొరికితే తయారైన కాలం కొన్నేళ్ల తేడాలో తెలుస్తుంది. చీటీ లేకపోతే వంచిన చెక్క కుర్చీ అనడం దగ్గరే ఆగాలి.

వియన్నా సంగతి? అక్కడి కేఫ్‌ల నుంచే వచ్చిందని ఏ చీటీ చెప్పదు. 5 కోట్ల కుర్చీలున్న లోకంలో, ఈ కుర్చీ ఏదో మామూలు స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లోనో, ఆఫీసులోనో బతుకు వెళ్లదీసి ఉండే అవకాశమే ఎక్కువ. నాకైతే అదే ముచ్చటగా ఉంటుంది. ఒక కుర్చీని ముక్కలుగా విప్పి, సముద్రాలు దాటించి, మళ్లీ కుర్చీ చేశారన్న అసలు సంగతి ముందు ఏ రాజు కూర్చున్నాడన్న కబురైనా చప్పగానే ఉంటుంది.

చెక్క దాచలేని గుర్తులు

వడ్రంగి పనితనం ముందువైపు కనిపిస్తుంది. వయసు మాత్రం వెనకవైపు, అడుగున, సొరుగు లోపల తెలుస్తుంది. మెరుగులన్నీ ముందుకే దిద్దుతారు, వెనక్కి ఎవరూ చూడరనుకుంటారు.

రంపపు గీతలతో మొదలుపెడదాం. చేతి రంపంతో కోసిన పలక వెనక గీతలు తిన్నగా, కానీ ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి మర రంపం అయితే విల్లులా వంగిన గీతలు వదులుతుంది. ఈ మర రంపాల వాడకం 19వ శతాబ్దం మొదటి సగంలో పెరిగింది. 1750 నాటి బల్ల అని చెప్పి, దాని అడుగున విల్లు గీతలు కనబడ్డాయంటే ఆ పలక అప్పటిది కాదు.

మేకులు ఇంకా సూటిగా చెబుతాయి. కొలిమిలో సాగగొట్టిన మేకుల తలలు ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఇనప రేకు నుంచి మరతో కోసిన మేకులు 1790ల నుంచి వచ్చాయి. ఇప్పుడు మనం వాడే గుండ్రటి తీగ మేకులు 19వ శతాబ్దం చివరికి సర్వసాధారణమయ్యాయి. మరమేకుల్లోనూ ఇదే వరస. మొన మొద్దుగా ఉండి, తలమీది గాడి కాస్త పక్కకు జరిగి ఉంటే చేత్తో చేసిన పాత రకం. మొన సూదిగా ఉన్నవి 1840ల చివర నుంచి ఎక్కువయ్యాయి. తలమీద ప్లస్ గుర్తున్న ఫిలిప్స్ మరమేకు 1930ల సరుకు.

సొరుగు మూల చూస్తే చెక్క పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉంటాయి. పావురం తోకలా విచ్చుకునే ఆ అతుకు పేరు డవ్‌టెయిల్. పళ్లు కొంచెం పెద్దవీ చిన్నవీగా, పక్కనే గుర్తు కోసం గీసుకున్న గీత కనబడితే చేతిపని. అన్నీ ఒకే కొలతలో ఉంటే మరపని, అంటే 19వ శతాబ్దం రెండో సగం లేదా ఆ తర్వాత. అమెరికా సామానులో అర్ధచంద్రాకారం, దాని మధ్య ఒక చుక్క ఉండే వింత అతుకు అప్పుడప్పుడూ కనిపిస్తుంది. నాప్ అనే ఆయన యంత్రం చేసే అతుకు అది. 1870ల నుంచి 1900 దాకానే నడిచింది. సొరుగు మూలలో దాన్ని చూస్తే పుట్టిన తేదీ ధ్రువపత్రం దొరికినట్టే.

చెక్క కుంచించుకుపోవడం కూడా పనికొచ్చే సాక్ష్యం. చెక్క ఎండేకొద్దీ అడ్డంగా తగ్గుతుంది, పొడవునా దాదాపు తగ్గదు. అందుకే నిజంగా పాతదైన గుండ్రటి బల్లను టేపుతో ఒకవైపు, దానికి అడ్డంగా ఇంకోవైపు కొలిస్తే రెండు కొలతలూ కలవవు. కాలం దాన్ని కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి తెచ్చేస్తుంది. కచ్చితంగా గుండ్రంగా ఉన్న రెండు వందల ఏళ్ల బల్లను నేనైతే నమ్మను.

పురుగు బెజ్జాల సంగతి తమాషాగా ఉంటుంది. పాతదనం తెప్పించడానికి మేకులతో, డ్రిల్లుతో బెజ్జాలు పొడిచేవాళ్లు ఉన్నారు. అసలు పురుగు లోపల వంకరటింకరగా తొలుస్తుంది. బయటికి వచ్చేటప్పుడు మాత్రమే చిన్న గుండ్రటి బెజ్జం చేస్తుంది. సన్నటి తీగ గుచ్చి చూస్తే డ్రిల్లు బెజ్జంలోకి తిన్నగా దిగుతుంది, పురుగు బెజ్జంలో వెంటనే తట్టుకుంటుంది. పలక పైనే సొరంగాలు సగం తెరిచిన కాలువల్లా కనిపిస్తే కథ వేరు. పురుగు ఎప్పుడూ పైన కాలువ తవ్వదు. పురుగు పట్టిన పాత దూలాన్ని తెచ్చి, ఆ తర్వాత కోసి ఈ బల్ల చేశారన్నమాట. చెక్క పాతది, బల్ల కొత్తది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ గుర్తులన్నీ "ఇంతకన్నా ముందుది కాదు" అని చెప్పగలవు, "కచ్చితంగా అప్పటిదే" అని చెప్పలేవు. పాత మేకులు దాచుకుని కొత్త బల్లకు కొట్టొచ్చు. అలాగే పాత బీరువాకు 1950లో ఎవరో కీలు మార్చి ఫిలిప్స్ మరమేకు బిగించినంత మాత్రాన బీరువా 1950ది అయిపోదు. ఆ మరమేకు కింద పాత బెజ్జాలు పూడ్చిన గుర్తులున్నాయా అన్నది చూడాలి. ఉంటే మరమ్మతు, లేకపోతే అనుమానం. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పేవాళ్లు అమ్మేవాళ్లైనా, తప్పుపట్టేవాళ్లైనా తొందరపడుతున్నట్టే.

గల్లాపెట్టె గంట ఎందుకు మోగుతుంది

కౌంటర్ మీద ఉండే ఇత్తడి నగిషీల గల్లా యంత్రాన్ని చూసి అలంకారం అనుకుంటాం. దాని పుట్టుకకు కారణం దొంగతనం. అమెరికాలోని డేటన్ ఊళ్లో మద్యం దుకాణం నడిపే జేమ్స్ రిట్టీ, తన పనివాళ్లు డబ్బు నొక్కేస్తున్నారని తల పట్టుకునేవాడు. ఓడ ప్రయాణంలో ప్రొపెల్లరు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే పరికరం చూసి, అమ్మకాలను కూడా ఇలా లెక్కపెట్టొచ్చు కదా అనుకున్నాడట. 1879లో పేటెంట్ తీసుకున్నాడు. 1884లో జాన్ ప్యాటర్‌సన్ ఆ వ్యాపారాన్ని చేతుల్లోకి తీసుకుని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీగా పెంచాడు.

ఇది తెలిశాక యంత్రంలో ప్రతి భాగానికీ అర్థం మారుతుంది. పైన అద్దంలో అంకె పైకి లేచేది కొన్నవాడికీ, యజమానికీ ఇద్దరికీ కనబడాలని. సొరుగు తెరుచుకోగానే గంట మోగేది వెనక గదిలో ఉన్న యజమాని చెవిన పడాలని. ఆ నగిషీల పెట్టె పనివాడి మీద కాపలా పెట్టిన కన్ను. చాలా యంత్రాలకు సీరియల్ నంబరు ఉంటుంది కాబట్టి వయసు తేల్చడం సులువు. కుట్టుమిషన్ల ఇనప కాళ్ల మీద చెక్క పలక వేసి బల్లలుగా వాడే షాపులు బోలెడు. ఆ మిషన్లకూ సీరియల్ నంబర్లుండేవి, కానీ నంబరు ఉండేది మిషన్ మీద. మిషన్ తీసేసి కాళ్లు మాత్రం ఉంచుకుంటే పుట్టినరోజు పోయినట్టే.

అద్దాలు, కిటికీలు, పసుపు బల్బులు

మచ్చలు పడ్డ అద్దం పాతదనానికి గుర్తని నమ్ముతాం. మచ్చలు తేమకు ఎప్పుడైనా వస్తాయి, యాసిడ్ పూసి తెప్పించొచ్చు కూడా. అద్దం వెనక ఉన్న లోహం మాత్రం కాలం చెబుతుంది. పూర్వం గాజు వెనక తగరం, పాదరసం కలిసిన పూత ఉండేది. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వెండి పూత పద్ధతి కనిపెట్టాక, ఆ శతాబ్దంలోనే పాదరసం పద్ధతి మెల్లగా వెనకబడింది. పాదరసం అద్దంలో ప్రతిబింబం కాస్త బూడిదరంగులో, నీలంగా కనిపిస్తుంది. వెనక గీకి చూడటం మాత్రం మంచిది కాదు, అది పాదరసం.

పాత కిటికీల గురించి ఒక కట్టుకథ చదువుకున్నవాళ్లు కూడా చెబుతుంటారు. గాజు నిజానికి ద్రవమని, వందల ఏళ్లలో కిందికి జారిందని, అందుకే పాత కిటికీ అద్దం అడుగున మందంగా ఉంటుందని. గాజు అలా జారదు. వేడి గాజు ముద్దను గొట్టం చివర తిప్పుతూ పళ్లెంలా విస్తరింపజేసి ముక్కలు కోసేవారు. పళ్లెం మందం అంతటా ఒకేలా ఉండదు కాబట్టి ముక్కలూ అలాగే ఉండేవి. మందం వైపు పైకి బిగించిన పాత కిటికీలు కూడా ఉన్నాయి.

ఎడిసన్ బల్బుల పేరుతో వేలాడే బల్బుల సంగతికి ఒక్క మాట చాలు. వాటిలో ఎక్కువ భాగం ఎల్‌ఈడీలే. కర్బన తీగతో చేసిన అసలు బల్బు చూడాలంటే కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్‌లో ఒకటుంది. 1901 నుంచి వెలుగుతోంది, మినుకు మినుకుమంటూ.

"మేడిన్" మాటలో దాగిన తేదీలు

వస్తువు మీది అక్షరాలు చాలాసార్లు చెక్క కన్నా నిక్కచ్చిగా మాట్లాడతాయి. అమెరికాలో 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి వస్తువుల మీద ఏ దేశంలో చేశారో రాయాలంది. కాబట్టి దేశం పేరున్న పింగాణీ దాదాపు ఖాయంగా ఆ తర్వాతిదే. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949కీ 1990కీ మధ్యది. "ఆక్యుపైడ్ జపాన్" అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపు. అమెరికా బోర్డు మీద ఐదంకెల జిప్ కోడ్ ఉంటే 1963కు ముందుది కాదు.

ఎనామిల్ బోర్డుల్లో నకళ్లు కుప్పలుగా వస్తాయి. అసలు ఎనామిల్ అంటే గాజు పొడిని ఇనప రేకు మీద కరిగించి అతికించడం. వేలితో తడిమితే రంగుకూ రంగుకూ మధ్య చిన్న గట్టు తగులుతుంది. మరమేకు బిగించినచోట గాజు పెచ్చు ఊడి, అక్కడి నుంచి తుప్పు పాకుతుంది. బోర్డంతా అందంగా, సమానంగా తుప్పు పట్టి ఉంటే ఆ తుప్పు ఎవరో వండిందే.

ప్రసిద్ధ దుకాణాలకూ అబద్ధపు కథలు అంటుకుంటాయి

పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో లెల్లో పుస్తకాల షాపు 1906లో తెరిచారు. ఎర్రటి మెలికల మెట్లు, చెక్కిన కర్రలా కనిపించే పైకప్పు. చూడటానికి జనం టికెట్ కొని వరస కడతారు. ఆ పైకప్పు కర్ర కాదు, రంగు వేసిన ప్లాస్టర్. మెట్లు కాంక్రీటు. ఇది మోసమా? 1906లో కాంక్రీటుతో అలాంటి మెట్లు కట్టడమే గొప్ప పనితనం. కర్ర అనుకుంటేనే దాని అసలు గొప్పతనం కనబడకుండా పోతుంది. ఇంకో కథ కూడా దానికి అతుక్కుంది. జె.కె. రౌలింగ్ తన హ్యారీ పాటర్ నవలల్లోని మాయా పాఠశాలకు ఈ మెట్ల నుంచే ఊహ తెచ్చుకున్నారని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. తాను ఆ షాపుకు ఎప్పుడూ వెళ్లలేదని, అలాంటిదొకటి ఉందనే తెలియదని ఆమె 2020లో స్వయంగా చెప్పారు. ఆమె పోర్టోలో కొంతకాలం ఉన్న మాట నిజం. పుకారు పెరగడానికి ఆ ఒక్క నిజం చాలింది.

పారిస్‌లోని షేక్‌స్పియర్ అండ్ కంపెనీది ఇంకో రకం గందరగోళం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య రచయితలకు అడ్డాగా ఉన్న షాపు సిల్వియా బీచ్‌ది. 1919లో తెరిచారు, 1941లో మూతపడింది. నది ఒడ్డున ఇప్పుడున్నది జార్జ్ విట్‌మన్ 1951లో వేరే పేరుతో పెట్టిన షాపు. 1964లో పాత పేరు తీసుకున్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పేరు ఒకటే కావడంతో చూసేవాళ్లు రెండు చరిత్రలను తామే కలిపేసుకుంటారు. ఇందాక చెప్పిన మ్యారేజ్ దుకాణాలకూ వర్తిస్తుందన్నమాట.

వీటికి పూర్తిగా ఎదురు వెనిస్‌లోని ఆక్వా ఆల్టా. అక్కడ పుస్తకాలు ఒక గొండోలా పడవలో, స్నానపు తొట్లలో పోసి ఉంటాయి. చూస్తే ఎవరిదో పిచ్చి సరదా అనిపిస్తుంది. కానీ ఆ షాపు పేరుకు అర్థమే పోటు వరద. నీళ్లు లోపలికి వచ్చినప్పుడు పుస్తకాలు తడవకుండా ఉండాలి కదా! తడిసి పాడైన పుస్తకాలను వెనక పెరట్లో మెట్లుగా పేర్చారు.

పాతదనం కంటెయినర్‌లో వస్తే తప్పా?

1990ల నుంచి ఐరిష్ పబ్‌లు ప్రపంచమంతా పుట్టుకొచ్చాయి. చాలావాటి నమూనాలు, కౌంటర్లు, అల్మరాలు ఐర్లాండ్‌లోనే తయారై ఓడల్లో వెళ్లాయి. పల్లె ఇల్లు, విక్టోరియా కాలం, కిరాణా కొట్టు పబ్ లాంటి రకాల్లో కావాల్సింది ఎంచుకోవచ్చు. కిరాణా కొట్టు రకంలో సబ్బు డబ్బాలు, టీ పెట్టెలు పేర్చి ఉంటాయి. ఐర్లాండ్ పల్లెల్లో సరుకులూ మద్యమూ ఒకే కౌంటర్ మీద అమ్మిన కాలం నిజంగానే ఉంది. ఆ డబ్బాలు మాత్రం ఆ షాపులో ఎవరూ అమ్మలేదు.

దీన్ని సమర్థించేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. దుకాణం మ్యూజియం కాదు, మనిషి కాసేపు హాయిగా కూర్చోవడానికి కావాల్సిన వాతావరణం ఇస్తే చాలు అంటారు. పైగా గోడకెక్కకపోతే ఆ పాత సామాను తుక్కులోకి పోయేది. ఎదుటి పక్షం వాళ్ల బాధ వేరు. మూతపడ్డ చర్చి బల్లను తెచ్చి బార్‌లో వేసి, అది ఏ ఊరిదో, ఎవరు చేయించారో చెరిపేస్తే వస్తువు మిగిలినా జ్ఞాపకం పోయినట్టే అంటారు. పేరు లేని ఫొటోల విషయంలో నాకు ఈ రెండో మాటే నిజమనిపిస్తుంది. ఎవరి అమ్మమ్మో అక్కడ అలంకారమై వేలాడుతూ ఉంటుంది.

నా లెక్కలో అసలు గీత ఇంకోచోట ఉంది. వస్తువును ఊరికే తగిలించుకున్న యజమాని చెప్పే కథ కాలక్షేపం. అదే వస్తువు అమ్మకానికి పెట్టి, కథను కూడా ధరలో కలిపితే అది కాలక్షేపం కాదు, హామీ. కొన్నిచోట్ల చట్టం కూడా అడ్డొస్తుంది. బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం ప్రకారం ఏనుగు దంతం పొదిగిన పాత పెట్టెను అమ్మాలంటే, అది 1947కు ముందుదై, దంతం పదో వంతు కన్నా తక్కువ ఉండాలి. మినహాయింపు కింద నమోదు చేయించాలి కూడా. అప్పుడు "మా తాతగారి కాలం నాటిది" అన్న మాట చాలదు.

పాలిష్ కొట్టాలా, వదిలేయాలా అన్న తగువూ ఉంది. ఏళ్ల తరబడి చేతుల జిడ్డు, మైనం, దుమ్ము, గాలి కలిసి పైన కట్టే పొరను పాటినా అంటారు. సేకరించేవాళ్లకు అదే ప్రాణం. గీకేస్తే విలువ సగానికి సగం పడిపోవచ్చు. రోజూ వందమంది కూర్చునే కుర్చీ కాలు ఊగుతుంటే యజమానికి ఆ ప్రేమ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. కొన్నింటిని మాత్రం ముట్టుకోకపోవడమే మేలు. పాత రంగుల్లో సీసం, 19వ శతాబ్దపు మెరిసే ఆకుపచ్చ గోడ కాగితాల్లో ఆర్సెనిక్, చీకట్లో మెరిసే కొన్ని పాత గడియారాల అంకెల్లో రేడియం ఉంటాయి. ఇవి కథలు కావు.

మళ్లీ ఆ బీరువా దగ్గరికి

నలభై సొరుగుల బీరువా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒక సొరుగు బయటికి లాగుదాం. మూలల్లో పళ్లన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. వెనక పలక మీద విల్లు గీతలు, గుండ్రటి తీగ మేకులు, అవీ అన్నిచోట్లా ఒకే తీరున. 200 ఏళ్ల మాట ఇక్కడితో పోయింది. 1890ల కన్నా వెనక్కి వెళ్లడం కష్టం. పై భాగంలో గాజు తలుపుల అర వెనక ప్లైవుడ్ ఉంది. దాని రంగు కింది భాగం రంగుతో కలవడం లేదు, వెడల్పు కూడా రెండు వేళ్లు తక్కువ. అంటే రెండు బీరువాల పెళ్లి.

మరి మందుల షాపు? పింగాణీ పలక చుట్టూ చెక్క మీద ఇంకో ఆకారం లేతగా కనిపిస్తోంది. పలక కన్నా పొడవైన దీర్ఘచతురస్రం, రెండు చివర్లా పూడ్చిన బెజ్జాలు. కాగితం చీటీ దూర్చే లోహపు చట్రం ఒకప్పుడు అక్కడ ఉండేది. సొరుగు అడుగు పలక మామూలు కన్నా మందంగా ఉంది. లోపల మందుల వాసన లేదు. గుండ్రటి తుప్పు మరకలు, లోతైన గీతలు, ఒక మూలలో ఇరుక్కుపోయిన చిన్న ఇనప నట్టు ఉన్నాయి. నడుము ఎత్తులో ఉన్న సొరుగుల పిడులు అరిగిపోయాయి, పై వరసవి కొత్తగా ఉన్నాయి.

యజమాని ఒప్పుకుంటే దానికి తగిలించాల్సిన చీటీ ఇలా ఉండాలి: "కింది భాగం ఇనప సామాను కొట్టులోని నట్లు, మేకుల బీరువా, 1890 తర్వాతిది. పై భాగం వేరేది, 20వ శతాబ్దానిది. పింగాణీ పలకలు తర్వాత అతికించినవి. ఎడమవైపు మూడో వరస సొరుగు ఎక్కువగా తెరిచినట్టుంది, అందులో ఏముండేదో తెలియదు."